నీళ్లలో నిలబడే పాలీఅనిలిన్ నానో ఇంకు చేసిన నా అనుభవం

కరెంటు పారే ప్లాస్టిక్ అంటే ఇప్పటికీ చాలామంది వింతగా చూస్తారు గానీ ఇదేం నిన్నమొన్నటి సంగతి కాదు. 1977లో షిరకావా, మెక్‌డయార్మిడ్, హీగర్ ముగ్గురూ కలిసి పాలీఎసిటిలీన్‌కి అయోడిన్ పట్టించి దాని కండక్టివిటీ లక్షల రెట్లు పెంచి చూపించారు, 2000లో కెమిస్ట్రీ నోబెల్ వాళ్లకే వచ్చింది. అసలు చిక్కేంటంటే ఈ పాలిమర్లు చాలావరకు కరగవు, కరిగించి అచ్చు పోయడానికీ కుదరదు, వేడి చేస్తే మెత్తబడేలోపే మాడిపోతాయి. పాలీఅనిలిన్‌నే తీసుకోండి, డోపింగ్ (కరెంటు పారడానికి పట్టించిన యాసిడ్ లాంటిది) తీసేసిన బేస్ రూపంలో ఎన్‌ఎంపీ అనే సాల్వెంట్‌లో కొంత కరుగుతుంది, కర్పూరం నుంచి వచ్చే సల్ఫోనిక్ యాసిడ్ పట్టిస్తే మెటా క్రెసాల్‌లో కరుగుతుంది, రెండూ ఒంటికి మంచివి కావు, క్రెసాల్ వాసన ఒకసారి తగిలిందంటే సాయంత్రం దాకా ముక్కులోనే ఉంటుంది. తినే సరుకు పక్కన పెట్టే స్ట్రిప్ మీద అలాంటిది పూయడం నాకు అస్సలు ఇష్టం లేదు. నీళ్లలో కలిసే ఇంకు కావాలి, అది కూడా వారానికే అడుక్కి దిగిపోకుండా నెలల తరబడి నిలబడేది.

స్ట్రిప్ దేనికంటే, మాది భీమవరం వైపు, అక్కడ రొయ్య అంటే బతుకుతెరువు. రొయ్య, చేప పాడవడం మొదలవగానే అమోనియా, ట్రైమిథైల్ అమీన్ లాంటివి వదులుతాయి, పాలీఅనిలిన్‌కి అవి తగిలితే ఆకుపచ్చ నుంచి నీలానికి మారిపోతుంది, దాంతోపాటు రెసిస్టెన్స్ ఎగబాకుతుంది. కంటికి రంగు, మీటర్‌కి రెసిస్టెన్స్, ఒకే మెటీరియల్‌తో రెండు సిగ్నళ్లు దొరుకుతాయి. ఆ ఆలోచనతోనే హైదరాబాద్‌లో నా పీహెచ్‌డీ పనిలో ఈ ముక్క పట్టుకున్నా.

ఏం జరుగుతుందో ముందు చెప్తా, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. అనిలిన్‌ని యాసిడ్ నీళ్లలో ఉంచి అమ్మోనియం పర్‌సల్ఫేట్ లాంటి ఆక్సిడైజర్ కలిపితే అనిలిన్ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటూ గొలుసవుతాయి. ఆ గొలుసు యాసిడ్‌లో ఉన్నంతసేపు నైట్రోజన్ల మీద ప్రోటాన్లు ఎక్కి కూర్చుంటాయి, అప్పుడు అది ఆకుపచ్చగా ఉంటుంది, కరెంటు పారుతుంది, దీన్నే ఎమరాల్డిన్ సాల్ట్ అంటారు. క్షారం తగిలితే ప్రోటాన్లు దిగిపోయి నీలం రంగు ఎమరాల్డిన్ బేస్ అవుతుంది, కరెంటు పారడం దాదాపు ఆగిపోతుంది. మళ్లీ యాసిడ్ చూపిస్తే మళ్లీ ఆకుపచ్చ. ఎలక్ట్రాన్లు ఇవ్వకుండా తీసుకోకుండా ఒక్క ప్రోటాన్ ఎక్కి దిగితేనే కండక్టర్ అవ్వడం, ఇన్సులేటర్ అవ్వడం, ఈ ఒక్క గుణం కోసమే పాలీఅనిలిన్ అంటే నాకు అంత ఇష్టం.

మామూలుగా పాలీఅనిలిన్ చేసే పద్ధతికి ఒక స్టాండర్డ్ రెసిపీ ఉంది, 2002లో ఐయూపీఏసీ (కెమిస్ట్రీకి అంతర్జాతీయ సంస్థ) రిపోర్ట్‌గా వచ్చింది, ఎనిమిది మంది వేర్వేరు ల్యాబుల్లో చేసి చూసి రాసింది కాబట్టి దాన్ని నమ్మొచ్చు. 2.59 గ్రాముల అనిలిన్ హైడ్రోక్లోరైడ్ నీళ్లలో కరిగించి 50 ఎంఎల్‌కి చేస్తారు, 5.71 గ్రాముల అమ్మోనియం పర్‌సల్ఫేట్ ఇంకో 50 ఎంఎల్, రెండూ కలిపి వదిలేస్తారు. అంటే 20 మిల్లీమోల్స్‌కి 25 మిల్లీమోల్స్, 1.25 రెట్లు. ఈ 1.25 ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థం చేసుకోకుండా చాలామంది అలా వాడేస్తుంటారు. ఒక్కో అనిలిన్ ముక్క ఎమరాల్డిన్ స్థాయికి రావాలంటే సగటున 2.5 ఎలక్ట్రాన్లు పోవాలి, ఒక్కో పర్‌సల్ఫేట్ 2 ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది, 2.5ని 2తో భాగిస్తే 1.25, అంతే లెక్క. ఇంకా ఎక్కువేస్తే గొలుసు ఎక్కువ ఆక్సిడైజ్ అయి పాడవడం మొదలవుతుంది. పాలీపిరోల్ అని ఇలాంటిదే ఇంకో కరెంటు పారే పాలిమర్ ఉంది, దానికి ఫెర్రిక్ క్లోరైడ్ 2.33 రెట్లు వేయడంలో కూడా ఇదే లెక్క ఉంది, అక్కడ ఒక్కో ఐరన్‌కి ఒక్క ఎలక్ట్రానే, గొలుసుకి 2, డోపింగ్‌కి మూడో వంతు.

ఈ రెసిపీతో వచ్చే పొడి కండక్టివిటీ ఆ రిపోర్ట్‌లో సెంటీమీటర్‌కి 4.4 సీమెన్స్ అని ఉంది, పొడి వరకు బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ నీళ్లలో? కావాలనే ముందు దీన్ని పరీక్ష చేశా, ఎందుకంటే చాలామంది చెప్పే సలహా అదే, పొడి చేసుకుని, శబ్ద తరంగాలతో కణాల్ని విడగొట్టే సోనికేటర్‌లో పెట్టి, సబ్బులాంటి సర్ఫాక్టెంట్ వేస్తే సరిపోతుంది అని. ప్రోబ్ సోనికేటర్ కింద ఐస్ పెట్టి కొట్టినంతసేపు ఆకుపచ్చ నీళ్లు చూడముచ్చటగా ఉన్నాయి, పక్కన పెడితే మర్నాటికి పైన తేట నీళ్లు, అడుగున ముదురు బురద. ఉప్మాలో రవ్వ ఒకసారి ఉండ కట్టాక తర్వాత ఎంత గరిటెతో కొట్టినా పూర్తిగా విడిపోదు కదా, అదే వ్యవహారం. పొడిగా ఎండినప్పుడే కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టేసుకున్నాయి, ఆ తర్వాత ఏం పోసినా లాభం లేదు. అందుకని నా నమ్మకం ఏంటంటే, నీళ్లలో నిలబడాలంటే కణం పుట్టేటప్పుడే దాని చుట్టూ కాపలా ఉండాలి, పుట్టి ఎండాక పెట్టే కాపలా పనిచేయదు. మిగతా పనంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరిగింది.

కాపలా రెండు రకాలుగా పెట్టొచ్చు. ఒకటి ఛార్జితో, యాసిడ్‌లో పాలీఅనిలిన్ కణానికి పాజిటివ్ ఛార్జి ఎలాగూ ఉంటుంది, కణాలు చిన్నగా ఉండి ఉప్పు తక్కువుంటే ఆ ఛార్జే వాటిని దూరంగా ఉంచుతుంది. కాలిఫోర్నియాలో కేనర్ ల్యాబ్ వాళ్లు ఇలాగే ఏ స్టెబిలైజరూ (కాపలాకి విడిగా కలిపే పదార్థం) లేకుండా 30 నుంచి 50 నానోమీటర్ల మందం ఉన్న ఫైబర్లు చేశారు. వాళ్లు పట్టుకున్న కిటుకు నాకు చాలా నచ్చింది, ఆక్సిడైజర్‌ని చుక్కచుక్కగా వేస్తే ముందు పుట్టిన ఫైబర్ల మీదే కొత్త పాలిమర్ పేరుకుని గడ్డలవుతాయి, అదే ఒక్కసారిగా గబుక్కున కలిపేస్తే అన్నీ ఒకేసారి పుట్టి చుట్టుపక్కల సరుకంతా అయిపోతుంది, ఇక మీద పేరుకోవడానికి ఏం మిగలదు. 2006లో ఇంకో మాట కూడా చెప్పారు, రియాక్షన్ నడుస్తుండగా కలుపుతూ ఉంటే కణాలు గుంపు కడతాయని. మా ల్యాబ్‌లో సీనియర్ అక్క అయితే ఫ్లాస్క్ దగ్గర మాగ్నెటిక్ స్టిరర్ కనిపిస్తేనే ఒప్పుకోదు, "కలిపింది చాలు రా, ఇంక దాని మానాన దాన్ని వదిలెయ్" అంటుంది.

రెండోది పొడుగాటి పాలిమర్ గొలుసులతో కాపలా, పీవీపీ, పీవీఏ లాంటి నీళ్లలో కరిగే పాలిమర్ కణం మీద ఒక చివర అతుక్కుని ఇంకో చివర నీళ్లలోకి చాపుకుని ఉంటుంది, రెండు కణాలు దగ్గరికొస్తే ఆ గొలుసులు అడ్డం పడతాయి. స్ట్రిప్ మీద పూసే ఇంకుకి ఉప్పు తగలొచ్చు, పీహెచ్ మారొచ్చు, ఒట్టి ఛార్జినే నమ్ముకుంటే కొంచెం ఉప్పు తగలగానే కూలిపోతుంది. అందుకే పీవీపీ దారి పట్టుకున్నా. దీనికీ ఐయూపీఏసీ వాళ్ల 2005 రిపోర్ట్ ఉంది, అదే గాఢతలు, అదనంగా 2 శాతం పీవీపీ, వాళ్లకి వచ్చిన కణం సగటున 241 నానోమీటర్లు.

సరుకు సంగతి. లిక్విడ్ అనిలిన్ కొత్తగా డిస్టిల్ చేసినప్పుడు నీళ్లలా తేటగా ఉంటుంది, సీసా తెరిచి పెడితే పసుపు, తర్వాత గోధుమ, చివరికి టీ డికాషన్ రంగు. మరిగే వేడి 184 డిగ్రీలు కాబట్టి వాక్యూమ్‌లో కొంచెం జింక్ పొడి వేసి డిస్టిల్ చేసుకుంటారు. 20 మిల్లీమోల్స్‌కి దాదాపు 1.8 ఎంఎల్ పడుతుంది. నేను మాత్రం హైడ్రోక్లోరైడ్ సాల్ట్‌కి మారిపోయా, తూకం వేయడం తేలిక, ఆవిరి ముక్కుకి ఎక్కదు. అనిలిన్ చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది, రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మార్చేస్తుంది, పెదాలు, గోళ్లు నీలంగా మారతాయి, అందుకని గ్లవ్స్, ఫ్యూమ్ హుడ్ లేకుండా దాని జోలికి వెళ్లొద్దు, ఇది మాత్రం ఎవరు చేసినా గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

అమ్మోనియం పర్‌సల్ఫేట్‌ది ఇంకో గోల. దానికి తేమ పడదు, వానాకాలంలో సీసా నాలుగుసార్లు తెరిస్తే గడ్డ కడుతుంది, చూడ్డానికి తెల్లగానే ఉంటుంది గానీ బలం సగం పోయి ఉంటుంది. ఒక సప్లయర్ పంపిన సీసా అయితే సీల్ తీస్తేనే రాయిలా గడ్డ. అప్పటినుంచి ఏ సీసా అయినా ముందు బలం చూసుకునే వాడతా. కొంచెం తీసి పొటాషియం అయోడైడ్ వేస్తే అయోడిన్ బయటికొస్తుంది, దాన్ని థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేసి చివర్లో స్టార్చ్ వేస్తే నీలం పోయే దగ్గర లెక్క తేలుతుంది, డిగ్రీ ప్రాక్టికల్స్‌లో చేసిందే. దీనికి పట్టే టైమ్ తక్కువ, ఇది చూసుకోకపోతే 1.25 అనుకుని వేసింది నిజానికి 0.9 అయి కూర్చుంటుంది, ఎందుకు కండక్టివిటీ రాలేదో తర్వాత తల పట్టుకోవాలి.

ఇక రియాక్షన్ రోజు. పీవీపీ అంటే కే90 గ్రేడ్, మాలిక్యులర్ వెయిట్ మూడున్నర లక్షల పైన, ఇది నీళ్లలో కరగడానికి తొందరపడదు, పొడి ఒక్కసారిగా పోస్తే పైన జిగురు తొక్క కట్టి లోపల పొడి అలాగే ఉండిపోతుంది, అందుకే ముందురోజు సాయంత్రమే నీళ్లు తిప్పుతూ కొంచెం కొంచెం చల్లి రాత్రంతా వదిలేస్తా. పొద్దున్నకి తేటగా, కొంచెం చిక్కగా ఉంటుంది. దాంట్లో అనిలిన్ సాల్ట్ కరిగించి, పర్‌సల్ఫేట్ ద్రావణం వేరే బీకర్‌లో ఉంచి, రెండూ ఒకే వేడిలో ఉన్నాయని చూసుకుని ఒక్కసారిగా పోసేసి, గాజు కడ్డీతో కాసేపు బాగా తిప్పి, థర్మామీటర్ పెట్టి వదిలేస్తా.

మొదట ఏం జరగదు. ఈ ఖాళీ టైమ్‌ని ఇండక్షన్ పీరియడ్ అంటారు, చిన్న చిన్న ముక్కలు తయారవుతుంటాయి గానీ కంటికి కనపడదు. తర్వాత నీళ్లలో లేత రంగు ఏదో కదిలినట్టుంటుంది, ఇంకొంచెం సేపటికి అది నీలం, చూస్తుండగానే ముదురు సిరా నీలం అయిపోతుంది, బీకర్ గోడ మీద రాగి రంగు మెరుపు ఒకటి వస్తుంది, అప్పుడు థర్మామీటర్ మీద కన్నేస్తే పాదరసం పాక్కుంటూ పైకి పోతుంటుంది. బాగా వేడి పుట్టే రియాక్షన్ ఇది. ఆ నీలం పెర్నిగ్రానిలిన్ అనే ఎక్కువ ఆక్సిడైజ్ అయిన రూపం, పర్‌సల్ఫేట్ అయిపోయేసరికి మిగిలిన అనిలిన్ దాన్ని వెనక్కి లాగి ఎమరాల్డిన్ చేస్తుంది, నీలం కాస్తా ముదురు ఆకుపచ్చకి తిరుగుతుంది, వేడి కూడా అక్కణ్ణుంచి దిగడం మొదలవుతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ నీలం ఆకుపచ్చకి తిరిగే నిమిషం దగ్గర నేను అక్కణ్ణుంచి కదలను. 100 ఎంఎల్ వరకు గది వేడిలో పర్లేదు గానీ ఎక్కువ మోతాదులో చేసేవాళ్లు ఐస్ బాత్ లేకుండా చేయొద్దు, వేడి బయటికి పోయే దారి తగ్గిపోతుంది.

ఫలితం తెలుసుకోడానికి ఏ మెషీనూ అక్కర్లేదు. స్టెబిలైజర్ లేనిదాన్ని మామూలు ఫిల్టర్ పేపర్‌లో పోస్తే పేపర్ మీద ఆకుపచ్చ ముద్ద మిగిలి కింద దాదాపు రంగులేని నీళ్లు దిగుతాయి. పీవీపీతో చేసింది పోస్తే పేపర్ మీద ఏమీ మిగల్లేదు, పోసింది పోసినట్టు చిక్కటి ఆకుపచ్చగా కిందికి దిగిపోయింది, పేపర్‌కి ఒట్టి మరక. అది చూశాక ఆ రోజు ఇంక ఏ పనీ పెట్టుకోలేదు, సంతోషంతో కాగితం మీద తేదీ రాసి బుక్‌లో అతికించుకున్నా.

కానీ అప్పటికి ఆ సీసాలో ఉన్నది కణాలొక్కటే కాదు. ఈ రియాక్షన్‌లో అమ్మోనియం సల్ఫేట్, సల్ఫ్యూరిక్ యాసిడ్ బోలెడు పుడతాయి, ఎక్కడా అతుక్కోని పీవీపీ కూడా ఉంటుంది. ఇలాగే పూస్తే ఎండినప్పుడు ఉప్పు స్ఫటికాలు ఫిల్మ్ మీద తెల్లగా తేలతాయి, పైగా మీటర్‌లో కనపడే కరెంటు పాలిమర్‌దా, తడి ఉప్పుదా తెలియదు. ఈ శుభ్రం చేసే పనికి పెద్దగా ఎవరూ విలువివ్వరు గానీ నా దృష్టిలో సగం పని ఇక్కడే ఉంది.

డయాలిసిస్ ట్యూబ్ 12 నుంచి 14 వేల కటాఫ్‌ది వాడా, అంటే అంతకంటే ఎక్కువ మాలిక్యులర్ వెయిట్ ఉన్నవాటిని బయటికి పోనివ్వని సన్న రంధ్రాల గొట్టం. వేడినీళ్లలో కాసేపు ఉడికించి గ్లిజరిన్ పోయాక ఒక చివర ముడేసి క్లిప్ పెట్టి, ఆకుపచ్చ లిక్విడ్ మూడొంతుల్లో రెండొంతులే పోసి పైన ఖాళీ ఉంచి రెండో చివర కట్టాలి, ఎందుకంటే లోపల ఉప్పు ఎక్కువ, బయట నీళ్లు, ఆ నీళ్లన్నీ లోపలికే పరిగెడతాయి. ఖాళీ ఉంచిన బ్యాగ్ కూడా పొద్దున్నకి బిర్రుగా ఉబ్బి వేలు పెడితే లోపలికి పోదు. ఇంకోటి, ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌లో పెడితే ఉప్పుతోపాటు యాసిడ్ కూడా పోతుంది, పీహెచ్ పెరిగేకొద్దీ ఆకుపచ్చలోకి నీలం ఛాయ వస్తుంది, అంటే ప్రోటాన్లు దిగిపోతున్నాయని. దానికి విరుగుడుగా బయటి నీళ్లలో పల్చటి హెచ్‌సీఎల్ కలిపే ఉంచా. సల్ఫేట్ పోయిందో లేదో చూడ్డానికి బయటి నీళ్లు కొంచెం టెస్ట్‌ట్యూబ్‌లో తీసుకుని బేరియం క్లోరైడ్ చుక్క వేస్తే మొదట్లో పాలలా తెల్లగా విరిగేది, నీళ్లు మార్చుకుంటూ పోతే చిన్న మసక, చివరికి ఏమీ లేదు. ఇది ఇంటర్‌లో నేర్చుకున్న సాల్ట్ అనాలిసిస్, పీహెచ్‌డీలో కూడా ఇంతకంటే నమ్మకమైన టెస్ట్ నాకు దొరకలేదు.

అయితే డయాలిసిస్‌తో పీవీపీ పోదు. మూడున్నర లక్షల సైజు గొలుసు 14 వేల రంధ్రంలోంచి ఎలా పోతుంది? దానికి సెంట్రిఫ్యూజ్ తప్పదు. హై స్పీడ్‌లో తిప్పితే కణాలు గోడకి ఆకుపచ్చ పొరలా అతుక్కుంటాయి, పైన నీళ్లతో వదులు పీవీపీ పోతుంది, ఆ పొర ఎండిపోకముందే పల్చటి హెచ్‌సీఎల్ పోసి బాత్ సోనికేటర్‌లో పెడితే మళ్లీ విడిపోతుంది. ఎండనివ్వకుండా అన్నది ముఖ్యం. ఇక్కడే పెద్ద లాగులాట ఉంది, పీవీపీ కరెంటు పారనివ్వదు, అది ఎంత తగ్గితే ఫిల్మ్‌లో కణానికి కణం అంత బాగా తగిలి కరెంటు పారుతుంది, కానీ మరీ తగ్గిస్తే నీళ్లలో నిలబడదు. ఒకసారి కడిగిన దానికంటే రెండుసార్లు కడిగింది మీటర్ మీద బాగా మెరుగు, ఇంకా కడుగుతూ పోతే సీసా అడుగున చిన్న చిన్న రేణువులు కనపడ్డాయి, అక్కడ ఆపేశా. ఎక్కడ ఆపాలి అన్నదానికి ఏ పేపర్‌లోనూ నంబర్ దొరకదు, మన పీవీపీ, మన సెంట్రిఫ్యూజ్‌ని బట్టి మనమే చూసుకోవాలి.

చెదిరే వెలుగుని బట్టి కణాల సైజు చెప్పే డీఎల్ఎస్ మెషీన్ మా దగ్గర లేదు, వేరే డిపార్ట్‌మెంట్‌లో స్లాట్ కోసం చాలాకాలం ఎదురుచూశా. దొరికాక సైజు ఆ రిపోర్ట్‌లో ఉన్నదానికి దగ్గరగానే వచ్చింది. ఈ కొలత గురించి రెండు మాటలు. ఇది ముదురు రంగు సరుకు, మెషీన్‌లో ఎర్ర లేజర్ ఉంటుంది, చిక్కగా పెడితే ఆ వెలుగునే తాగేస్తుంది, కంటికి లేత ఆకుపచ్చగా కనిపించేంత వరకు పల్చబరిచాకే నంబర్ నిలకడగా వస్తుంది. పల్చబరిచేది కూడా అదే పీహెచ్ ఉన్న యాసిడ్ నీళ్లతోనే, మామూలు నీళ్లు పోస్తే కొలిచేది వేరే సరుకవుతుంది. రెండోది, చెదిరే వెలుగు వ్యాసం ఆరో ఘాతంతో పెరుగుతుంది, అంటే పది రెట్లు పెద్ద ధూళి కణం ఒక్కటి పది లక్షల చిన్న కణాలంత గట్టిగా కనపడుతుంది. అందుకని క్యూవెట్ కడగడం దగ్గరే జాగ్రత్తంతా.

జీటా పొటెన్షియల్ (నీళ్లలో కణం చుట్టూ ఛార్జి ఎంత బలంగా ఉందో చెప్పే కొలత) చూసి ఒకాయన "ప్లస్ 30 లేదు కదా, ఇది నిలబడదు" అన్నారు. ఆ 30 మిల్లీవోల్ట్ లెక్క ఛార్జితో నిలబడేవాటికి. పీవీపీ గొలుసులతో నిలబడే కణానికి జీటా తక్కువున్నా ఢోకా లేదు, పైగా ఆ గొలుసుల పొరే ఛార్జిని బయటికి తక్కువగా కనపడేలా చేస్తుంది. నమ్మకం కుదరడానికి రెండు సీసాల్లో ఉప్పు వేసి చూపించా, స్టెబిలైజర్ లేకుండా గబుక్కున కలిపి చేసిన ఫైబర్ల సీసాలో ఉప్పు పడగానే పాలు విరిగినట్టు ముక్కలై కిందికి దిగింది, పీవీపీ సీసా కదల్లేదు. ఆయన సీసా వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూసి సరే అన్నారు.

ఏ రంగు వెలుగుని ఎంత తాగుతుందో చూపే యూవీ స్పెక్ట్రమ్ మీద 430 నానోమీటర్ల దగ్గర చిన్న గుట్ట, 800 దాటి పెద్ద వెడల్పాటి గుట్ట ఉంటే ఎమరాల్డిన్ సాల్ట్ ఉన్నట్టు, అదే బేస్ అయితే 600 పైన ఒకటి లేస్తుంది. నాకు సాల్ట్ గుట్టలు రెండూ వచ్చాయి, అమోనియా చుక్క వేసి మళ్లీ స్పెక్ట్రమ్ తీస్తే బేస్ గుట్ట, హెచ్‌సీఎల్ వేస్తే మళ్లీ సాల్ట్. అంటే పీవీపీ తొడుగు ఉన్నా ప్రోటాన్లు లోపలికీ బయటికీ తిరుగుతున్నాయని, నాకు కావాల్సింది అదే.

ఇదే పనికి పాలీపిరోల్ కూడా చేసి చూశా, పీవీఏ నీళ్లలో ఫెర్రిక్ క్లోరైడ్ కరిగించి పిరోల్ వేస్తే నల్లటి సిరా వస్తుంది, కణాలు ఇంకా చిన్నవి, చేయడం కూడా తేలిక. న్యూట్రల్ పీహెచ్‌లో పాలీఅనిలిన్ అంత ఘోరంగా పడిపోదు, నియర్ ఇన్‌ఫ్రారెడ్ వెలుగు తాగి వేడెక్కుతుంది కాబట్టి కేన్సర్ గడ్డల్ని వేడితో కాల్చే పరిశోధనల్లో దీన్ని వాడుతున్నారు. కానీ నల్లటిది కాబట్టి కంటికి రంగు మార్పు తెలియదు, నా పనికి అది పెద్ద లోటు. కొంటే దొరికే పీడాట్ పీఎస్ఎస్ ఉంది, పీడాట్ అనే కరెంటు పారే పాలిమర్‌ని పీఎస్ఎస్ అనే ఇంకో పాలిమర్‌తో కలిపింది, జర్మనీలో బేయర్ వాళ్లు ఫోటో ఫిల్మ్‌కి స్టాటిక్ పట్టకుండా పూయడానికి తెచ్చిన సరుకు, నీళ్లలో చక్కగా ఉంటుంది, 5 శాతం డీఎంఎస్‌ఓ అనే సాల్వెంట్ వేస్తే కండక్టివిటీ ఎక్కడికో పోతుంది. కరెంటే కావాలంటే కళ్లు మూసుకుని అదే కొనుక్కోండి. దాని గొలుసులో పాలీఅనిలిన్‌లో లాగా ప్రోటాన్ ఎక్కి దిగే నైట్రోజన్ లేదు, అమోనియాకి ఆకుపచ్చ నుంచి నీలానికి తిరిగే ఆ నాటకం అక్కడ జరగదు. ఒక జాగ్రత్త, పీఎస్ఎస్ నెగటివ్, మన కణం పాజిటివ్, ఒకే పిపెట్‌తో రెండూ తీస్తే అడుగున గడ్డలు చేరతాయి.

ఇంకు పూయడం గురించి. పల్చటి ప్లాస్టిక్ షీట్ మీద కార్బన్ ఎలక్ట్రోడ్లు దువ్వెన పళ్లలా ప్రింట్ చేయించుకుని వాటి మీద చుక్క వేశా. నీళ్లకి ప్లాస్టిక్ మీద పరుచుకోవడం ఇష్టం ఉండదు, చుక్క ముత్యంలా కూర్చుని ఎండేటప్పుడు సరుకంతా అంచుకి పోయి ఉంగరంలా మిగిలిపోతుంది, మధ్యలో ఏమీ ఉండదు. కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపితే పరుచుకుంది. ఫిల్టర్ పేపర్ మీద అయితే ఈ తలనొప్పే లేదు, పీచులు లాగేసుకుంటాయి, రంగు కూడా నిండుగా కనపడుతుంది, అందుకే ఇప్పుడు రంగు చూసేది పేపర్ మీద, రెసిస్టెన్స్ కొలిచేది ప్లాస్టిక్ మీద.

అమోనియా సీసా మూత తీసి దగ్గర పెడితే సెకన్లలో స్ట్రిప్ అంచు నుంచి నీలం పాకుతుంది, మీటర్ అంకెలు పరిగెడతాయి, గాలిలో పెడితే కొంత వెనక్కి వస్తుంది, పూర్తిగా రావాలంటే హెచ్‌సీఎల్ ఆవిరి చూపించాలి. రొయ్యల డబ్బాలో మూత కింద అంటించిన స్ట్రిప్, ఐస్‌లో ఉన్న డబ్బాలో ఆకుపచ్చగానే ఉంది, బయట పెట్టిన డబ్బాలో రంగు తిరిగింది. ముక్కుతో వాసన పట్టడానికి అలవాటుపడ్డ మా నాన్న ఆ రెండు స్ట్రిప్‌లూ పక్కపక్కన పెట్టుకుని "దీన్ని ఐస్ పెట్టెలో వేస్తే చెమ్మకి ఆగుద్దా?" అని అడిగారు.

సరిగ్గా దాని మీదే ఇప్పుడు కూర్చున్నా. పీవీపీ తేమని బాగా పీలుస్తుంది, పాలీఅనిలిన్ కండక్టివిటీ కూడా తేమతో మారుతుంది, ఐస్ పెట్టెలో చెమ్మ ఎప్పుడూ ఉంటుంది, కాబట్టి రెసిస్టెన్స్ మారితే అది అమోనియా వల్లా, చెమ్మ వల్లా అన్నది విడదీయాలి. దానికి రెండు దారులు. ఒకటి, అమోనియా తగలకుండా చెమ్మ మాత్రమే తగిలేలా కప్పిన రెండో స్ట్రిప్ పక్కన పెట్టి తేడా తీయడం. రెండోది, పీవీపీ బదులు తేమ తక్కువ పీల్చే స్టెబిలైజర్ వెతకడం. మొదటిది రంగు స్ట్రిప్‌కి అక్కర్లేదు, రంగు చెమ్మకి అంతగా మారడం లేదు కాబట్టి ముందు పేపర్ స్ట్రిప్‌నే ఒక దారికి తెస్తున్నా. చేసిన ఇంకు బ్రౌన్ సీసాలో ఫ్రిజ్‌లో ఉంటుంది, ఫ్రీజర్‌లో కాదు, గడ్డ కడితే కణాలు ఒకదానికొకటి నొక్కుకుని మళ్లీ విడిపోవు, వాడే ముందు సీసా రెండుసార్లు తిరగేస్తే చాలు.